రహస్యముగా ఆలకింపబడుచున్నది

తరంగవాణి ఫోన్ కంపెనీ వారి విజయవాడ ఆఫీసులో, మూడో అంతస్తు ఏసీ గదిలో, బీరువా అంత యంత్రం ఒకటుండేది. దాని అసలు పేరు సెషన్ బోర్డర్ కంట్రోలర్. అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేక అందరూ దాన్ని గేటు అనేవారు. ఉప్పులూరి భానుమూర్తి పద్నాలుగేళ్లుగా ఆ గేటు దగ్గర ఇంజనీరు.

మనం ఫోన్ చేస్తే మన గొంతొక్కటే అవతలికి వెళ్తుందనుకుంటాం. నిజానికి గొంతు కంటే ముందు ఒక చీటీ వెళ్తుంది. ఎవరు చేస్తున్నారు, ఎవరికి చేస్తున్నారు, దారిలో ఏయే యంత్రాలు దాటారు, అంతా అందులో వరుసలు వరుసలుగా రాసి ఉంటుంది. ఇంటర్నెట్ మీద నడిచే కాల్స్‌కి సిప్ అని ఒక పద్ధతుంది. ఆ పద్ధతిలో ఈ చీటీని హెడర్ అంటారు. వచ్చిన ప్రతి హెడరూ చదివి, బయటివాళ్లకి అక్కర్లేని వరుసలు చెరిపేసి, మిగతాది ముందుకు తోయడం గేటు పని.

చెరిపేసే వరుసల్లో ఒకటి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. ఫలానా నంబరు మాటలు వినాలని ప్రభుత్వం చట్టప్రకారం ఉత్తర్వు ఇచ్చినప్పుడు, గేటు ఆ కాల్ చీటీ మీద చిన్న గుర్తు పెడుతుంది. ఆ గుర్తు చూసి లోపలి యంత్రం మాటలకి నకలు తీసి వినేవాళ్లకి పంపుతుంది. కాల్ బయటికి పోయేలోగా గేటే ఆ గుర్తు చెరిపేస్తుంది. మాట్లాడుకునేవాళ్లకి ఏమీ తెలియదు. తెలిస్తే గేటు ఇంజనీరుకి మూడేళ్ల జైలు. పద్నాలుగేళ్లలో ఒక్కరికీ తెలియలేదు. భానుమూర్తి భార్య హైమకి కూడా తెలియదు. ఆవిడ లెక్క ప్రకారం ఆయన ఆఫీసులో కూర్చుని పాడైన ఫోన్లు బాగుచేస్తుంటాడు.

ఆ ఏడాదిని పారదర్శకతా సంవత్సరంగా ప్రకటించారు. సంభాషణా పరిరక్షణ సంచాలక కార్యాలయం నుంచి జాయింట్ డైరెక్టర్ విఠలేశ్వర్ గారు ఒక సోమవారం స్వయంగా వచ్చి, గేటుకి నమస్కారం పెట్టి, సర్క్యులర్ తీసి నిలబడే చదివారు.

"ఇకమీదట ఏ హెడరునందునూ ఏ పంక్తియునూ తొలగింపరాదు. ప్రతి పంక్తియునూ వినియోగదారుని తెరపై శుద్ధమైన తెలుగులో దర్శనమీయవలెను."

భానుమూర్తి గొంతు సవరించుకున్నాడు. "సార్, అన్నీ సరేగాని ఒక్క వరుస మాత్రం చెరపక తప్పదండీ. ఆ గుర్తు..."

"మినహాయింపు సర్క్యులర్‌నందు ఉన్నదా?"

"లేదండీ."

"కావున లేదు."

"మరి వింటున్న సంగతి అవతలివాళ్లకి తెలియకూడదని పాత ఉత్తర్వు ఉంది కదండీ?"

"అదియునూ అమలులోనే ఉన్నది. ఉల్లంఘించినచో మూడు సంవత్సరములు."

"మరి ఇది ఉల్లంఘిస్తే?"

"ఇది నూతనము. అయిదు."

"రెండూ ఎలా పాటించాలి సార్?"

విఠలేశ్వర్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "ఏకకాలమున," అన్నారు.

మూడు కంటే అయిదు ఎక్కువని భానుమూర్తికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చెరిపే ఆజ్ఞని యంత్రంలోంచి తీసేశాడు. ఆ గుర్తు అప్పటిదాకా రెండు ఇంగ్లీషు అక్షరాలు. దాన్ని తెనిగించడానికి ముగ్గురు పండితుల సంఘం వేశారు. తొమ్మిది రోజులు వాదించుకుని వాళ్లొక వాక్యం ఖరారు చేశారు: 'ఈ సంభాషణ ప్రభుత్వముచే రహస్యముగా ఆలకింపబడుచున్నది.' అందులో 'బడు' ఉండాలా వద్దా అన్నదాని మీదే నాలుగు రోజులు పోయాయట.

ఆ వాక్యం మొట్టమొదట పడింది గింజుపల్లి వీరాస్వామి ఫోన్ మీద. ఆయనకి సత్యనారాయణపురంలో టెంట్ హౌస్ ఉంది. పెళ్లిళ్లకీ పెద్దకర్మలకీ షామియానాలు, కుర్చీలు అద్దెకిస్తాడు. ఆయన మాటలు ఎందుకు వినాలనుకున్నారో ఎవరికీ తెలియదు. ఉత్తర్వుల్లో కారణం రాసే ఆచారం లేదు.

వీరాస్వామి తిన్నగా తరంగవాణి ఆఫీసుకొచ్చి కౌంటర్ మీద ఫోన్ పెట్టాడు. కౌంటర్‌లో అమ్మాయి అది చూసి భయపడి భానుమూర్తిని పిలిచింది. భానుమూర్తి వచ్చి, ఫోన్ వైపు చూడకుండా గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

"ఏవండీ, ఫోన్ చేసినప్పుడల్లా ఇది పడతందండీ. ఏంటిది?"

"ఏదండీ?"

"ఇదేనండీ. చదవమంటారా?"

"వద్దండీ."

"ఈ సంభాషణ ప్రభుత్వముచే..."

"అయ్యా, మీకు దణ్ణం పెడతాను. మీరు చదివితే నేను విన్నట్టవుతుంది. వింటే నాకు తెలిసినట్టవుతుంది."

"అంటే నా ఫోను గవర్నమెంటోళ్లు వింటన్నారా?"

"అలాంటిదేం లేదండీ."

"మరి రాసుంది కదండీ?"

"ఎక్కడండీ?"

వీరాస్వామి ఫోన్ ఎత్తి చూశాడు. భానుమూర్తిని చూశాడు. మళ్లీ ఫోన్ చూశాడు. మొదట మొహం పాలిపోయింది. తర్వాత, ఏదో గుర్తొచ్చినవాడిలా, నెమ్మదిగా రంగు తిరిగింది.

"మా ఇంట్లో నా మాట ఎవరూ వినరండీ," అన్నాడు. "మా ఆవిడ వినదు. మా పెద్దోడు వినడు. షాపులో కుర్రోళ్లయితే చెవుల్లో అయ్యేవో పెట్టుకుని తిరుగుతారు. అలాంటిది, గవర్నమెంటు వింటందా?"

"నేనలా అనలేదు."

"అనొద్దులెండి," అని వీరాస్వామి ఫోన్ చొక్కా జేబులో, తెర బయటికి కనబడేలా పెట్టుకుని, మెట్లు దిగి వెళ్లాడు. వచ్చినప్పటికంటే రెండంగుళాలు పొడుగ్గా కనిపించాడు.

ఆ రోజు నుంచి వీరాస్వామి ఫోన్ ఎత్తితే ముందు, "అయ్యా, వింటన్నారుగా, నమస్కారం," అని ఆ తర్వాతే కుర్చీల సంగతి ఎత్తుకునేవాడు. ఒకసారి అలా మాటల్లో తమ వీధి కాలువ పూడిక గురించి వాపోయాడు. మర్నాడే మునిసిపాలిటీ వాళ్లొచ్చి పూడిక తీశారు. అది వాళ్లు ఆర్నెల్ల క్రితం ఒప్పుకున్న పనే కావచ్చు. వీధిలో ఎవరూ అలా అనుకోలేదు. సాయంత్రానికి వీరాస్వామి ఇంటి ముందు పదిమంది చేరారు. వాళ్లలో ఒకరికి వీధి దీపం కావాలి, ఇంకొకరికి బదిలీ ఆగాలి. "మీ ఫోన్‌లో ఒక్క మాట అనండి వీరాస్వామి గారూ," అని బతిమాలారు.

పది రోజుల్లో నగరమంతా ఆ వాక్యం కోసం ఎగబడింది. ఫోన్ తెర మీద అది ఉన్నవాడు మనిషి, లేనివాడు లెక్కలోకి రానివాడు. తెర మీద అది లేని అపార్ట్‌మెంట్ సంఘాల అధ్యక్షులు సిగ్గుపడి రాజీనామాలు చేశారు. సంబంధాలు చూసేవాళ్లు, "అబ్బాయిని వింటున్నారా అండీ?" అని ముందే కనుక్కోసాగారు.

భానుమూర్తి ఇంట్లోనూ పొయ్యి రాజుకుంది.

"పక్కింటావిడ ఆడపడుచుకి కూడా వచ్చిందట," అంది హైమ, కూర వడ్డిస్తూ. "ఆవిడ అస్తమానం జడ క్లిప్పుల గురించి తప్ప మాట్లాడదు. ఇంట్లో ఇంజనీరుని పెట్టుకుని నాకు మాత్రం లేదు."

"అది సన్మానం కాదే. అనుమానం ఉన్నవాళ్లకి పెడతారు."

"ఏం, నా మీద అనుమానపడ్డానికి ఏం తక్కువ?"

భానుమూర్తి తల వంచుకుని కూర కలుపుకున్నాడు. ఏం చెప్పినా తప్పయ్యే ప్రశ్నలు అప్పటికే ఆఫీసులో చాలా ఎదుర్కొంటున్నాడు.

గిరాకీ చూసి సంచాలక కార్యాలయం చలించింది. పౌరులు కోరిన సేవను నిరాకరించరాదని, స్వచ్ఛంద ఆలకింపు దరఖాస్తు అని ఒక ఫారం విడుదల చేసింది. దరఖాస్తుదారుడు అనుమానాస్పదుడని ఇద్దరు గెజిటెడ్ అధికారులు ధ్రువీకరించాలి. అదంత తేలిగ్గా దొరకలేదు. రిటైరైన హెడ్మాస్టరొకాయన నాలుగు ఆఫీసులు తిరిగితే అందరూ, "మీలాంటి పెద్దమనిషి మీద ఎలా సంతకం పెడతామండీ?" అని కాఫీ ఇచ్చి పంపేశారు. ఆయన భానుమూర్తి బల్ల ముందు కూర్చుని, నలభయ్యేళ్ల సర్వీసులో ఒక్క అనుమానం కూడా సంపాదించుకోలేకపోయానని కళ్లు తుడుచుకున్నాడు.

అయినా రెండు నెలల్లో మూడు లక్షల మందికి మంజూరైంది. హైమకి కూడా వచ్చింది. ఎవరు సంతకం పెట్టారో భానుమూర్తి అడగలేదు.

చిక్కు అక్కడే వచ్చింది. కార్యాలయంలో వినేవాళ్లు ఆరుగురు. అందులో ఒకాయనకి ఎడమ చెవి సరిగా పనిచేయదు. మూడు లక్షల మంది మాటలు ఆ పదకొండు చెవుల్లో పడుతున్నాయి. బెండకాయ పులుసు ఎలా పెట్టాలి, అల్లుడు ఎందుకు అలిగాడు, మోకాలికి ఏ తైలం మంచిది, అన్నీ వింటూ రాసుకుంటూ ఇద్దరు సెలవు పెట్టేశారు. ఒకావిడైతే ఒక కుటుంబం తగాదాలో పూర్తిగా మునిగిపోయి, ఆ ఇంటి కోడలి పక్షాన మాట్లాడ్డానికి స్వయంగా గుడివాడ వెళ్లింది.

విఠలేశ్వర్ గారు మళ్లీ గేటు దగ్గరికొచ్చారు.

"భానుమూర్తి గారూ, సమస్య పరిష్కృతమైనది. మూడు లక్షల సంభాషణలు వినుటకు మూడు లక్షల మంది కావలెను. వారు మనకు ఇదివరకే ఉన్నారు."

"ఎవరండీ?"

"మాట్లాడువారే. ప్రతి పౌరుడును తన సంభాషణను తానే ఆలకించి, ప్రతి శనివారము నివేదిక సమర్పించును. స్వయం ఆలకింపు పథకము. అసత్య నివేదికకు ఏడు సంవత్సరముల శిక్ష."

"సార్, ఎవరి మాటలు వాళ్లు ఎలాగూ వింటారు కదండీ?"

"వినెదరు. కాని నివేదించుట లేదు."

శనివారాలు వచ్చాయి. నగరం కూర్చుని రాసింది. ఎవరికి, ఎన్ని గంటలకు, ఏ విషయమై, తనపై తనకు ఏమైనా అనుమానము కలిగినదా? పన్నెండు గళ్లు. హైమ వాళ్ల చెల్లెలితో గంటన్నర మాట్లాడేది. రాయలేక చేయి నొప్పి పుట్టి, నున్న ఊరికి వెళ్లే బస్సెక్కి చెల్లెలింటికే వెళ్లి మాట్లాడొచ్చేది. అలా బస్సులు నిండాయి, ఫోన్లు మూగబోయాయి. గేటు మీద పచ్చదీపాలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే భానుమూర్తికి దిగులేసింది. పద్నాలుగేళ్లలో ఆ యంత్రం ఎన్నడూ అంత ఖాళీగా ఉండలేదు.

నివేదికల్లో ఉత్తమమైనదానికి పురస్కారమన్నారు. చదివితే గోప్యత పోతుంది గనుక, చదవకుండానే మార్కులు వేశారు. మార్జిన్ వదిలారా, దస్తూరి బాగుందా, కొట్టివేతలున్నాయా, అంతవరకే. లక్షల్లో ఒక్కటే నూటికి నూరు తెచ్చుకుంది. ముత్యాల్లాంటి అక్షరాలు, పన్నెండు గళ్లూ నింపి ఉన్నాయి. రాసినాయన పేరు బోసుబాబు, పటమట.

మరుసటి శనివారం సాయంత్రం మునిసిపల్ మైదానంలో సభ. షామియానా వీరాస్వామిదే. ముందు వరుసలో హైమ కూర్చుంది. బోసుబాబు ముప్పయ్యేళ్లవాడు, ఇస్త్రీ చొక్కా, వినయం. విఠలేశ్వర్ గారు శాలువా కప్పి, మైకు అందుకున్నారు.

"ఆదర్శప్రాయమగు ఈ నివేదికను, పారదర్శకతా సంవత్సర స్ఫూర్తితో, మన ఇంజనీరు శ్రీ భానుమూర్తి సభాముఖముగా పఠించెదరు."

భానుమూర్తి కవరు విప్పాడు.

"సోమవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. ఒకావిడకి ఫోన్ చేశాను. మిక్సీ కంపెనీ నుంచి మాట్లాడుతున్నానని, ఉచిత సర్వీసింగ్ ఉందని, మిక్సీ గుమ్మం దగ్గర పెట్టమని చెప్పాను. ఆవిడ పెట్టారు. నేను తీసుకున్నాను. నాపై నాకు అనుమానం: కలిగినది."

సభలో చిన్న కలకలం. భానుమూర్తి విఠలేశ్వర్ గారి వైపు చూశాడు. ఆయన కానివ్వమన్నట్టు తల ఊపారు. ఆయన వినడం లేదు, ఫొటోకి నిలబడ్డారు.

"అదే రోజు పదకొండింటికి, ఇంకొకావిడ. అదే విధంగా. అనుమానం: కలిగినది. మంగళవారం, పన్నెండున్నర. ఒకావిడ ముందు నమ్మలేదు. మా ఆయన ఇంజనీరు, ఆయన్ని అడిగి పెడతాను అన్నారు. ఆ వెంటనే, ఆయన్ని అడిగితే నెలకిగాని జవాబు చెప్పడు అని వారే అనుకుని, మిక్సీతోపాటు పచ్చడి జార్ కూడా..."

భానుమూర్తి చదవడం ఆపేశాడు. పది రోజులుగా ఇంట్లో రోటి పచ్చడే తింటున్నాడు. రుచి బాగుందని మెచ్చుకున్నాడు కూడా. తలెత్తేసరికి ముందు వరుసలో హైమ లేచి నిలబడి ఉంది.

"వాడేనండీ! ఆ గొంతేదో మెత్తగా ఉందనుకున్నాను! నా మిక్సీ ఏదిరా?"

"నాదీ!" అని వెనక నుంచి ఇంకో గొంతు. "మాది మొన్న పండక్కి కొన్నదే!"

పోలీసు ఎస్సై వేదిక మెట్లెక్కబోయాడు. విఠలేశ్వర్ గారు అడ్డం నిలిచారు. "ఆగుడు. ఇతడు పురస్కారగ్రహీత. శాలువా కప్పిన అరగంటలోపు అరెస్టు చేయుట మర్యాద కాదు. పైగా ఆ నివేదిక రహస్యము. మీరందరూ వినలేదు."

"ఏరా, మిక్సీలు దొబ్బేసి మళ్లీ రాసిచ్చావా?" అన్నాడు ఎస్సై, విఠలేశ్వర్ గారి భుజం మీద నుంచి.

బోసుబాబు చేతులు కట్టుకున్నాడు. "దొంగతనానికి మూడేళ్లే సార్. అబద్ధం రాస్తే ఏడేళ్లని ఫారం వెనకాల ఉంది. ఇంటో ముసలమ్మ ఉంది సార్, నాకు ఏడేళ్లు కుదరదు." ఆ మాట అంటూనే వేదిక వెనక్కి గెంతాడు.

వీరాస్వామి అక్కడే గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆలోచించకుండా తాడు వదిలేశాడు. ఎర్రచారల షామియానా మొత్తం దొంగ మీద, ఎస్సై మీద, అధికారుల మీద, పూలదండల మీద కూలింది. పైకి లేపి చూస్తే బోసుబాబు, విఠలేశ్వర్ గారు ఒకే శాలువాలో చుట్టుకుపోయి ఉన్నారు.

సోమవారం భానుమూర్తికి రెండు మెమోలు వచ్చాయి. రహస్య నివేదికను బహిరంగంగా చదివినందుకు ఒకటి. చదువుతూ మధ్యలో ఆపి పారదర్శకతకు భంగం కలిగించినందుకు రెండోది. మొదటిదానికి మూడు, రెండోదానికి అయిదు.

ఆయన ఆ రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని ఎనిమిదేళ్లని కూడుకున్నాడు. వింతగా, భయం వేయలేదు. చెరిపినా జైలే, చెరపకపోయినా జైలే అని తేలాక మనిషికి ఒక రకమైన తెరిపి వస్తుంది. లేచి, గేటు ముందు కూర్చుని, చెరిపే ఆజ్ఞ మళ్లీ రాశాడు. ఒక్క వరుస. మీట నొక్కాడు. మూడు లక్షల ఫోన్ల మీద నుంచి ఆ వాక్యం పోయింది.

అరగంటలో విఠలేశ్వర్ గారు మూడంతస్తులూ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు. ఆయనా ఫోన్ చేయడం మానేశారు.

"ఎవరి ఉత్తర్వు మీద తొలగించితిరి?"

అబద్ధం ఆడ్డం భానుమూర్తికి రాదు. నిజం చెప్పే ధైర్యమూ లేదు. "అది చెప్పడానికి వీల్లేదండీ," అన్నాడు. "రహస్యం."

విఠలేశ్వర్ గారు కుర్చీలో కూలబడ్డారు. కళ్లజోడు తీశారు. తీస్తే ఆయన మామూలు మనిషిలా, బాగా అలిసిపోయినవాడిలా ఉన్నారు.

"నిన్న మా అత్తగారు ఫోన్ చేసి నలభై నిమిషాలు మాట్లాడిందయ్యా," అన్నారు, అచ్చం ఇంట్లో మాట్లాడే గొంతుతో. "నివేదిక పదకొండు పేజీలొచ్చింది. ఆవిడ పక్షాన కూడా నన్నే రాయమంది." లేచి, కళ్లజోడు పెట్టుకున్నారు. "రహస్యమైనచో నేను అడుగరాదు. నేను అడుగలేదు. నేను రాలేదు." మెమోలు రెండూ మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయారు.

తెర మీద వాక్యం లేదు గనుక జనం నివేదికలు రాయడం మానేసి మళ్లీ ఫోన్లు ఎత్తారు. రెండు వారాల్లో గేటు మీద దీపాలన్నీ మళ్లీ వెలిగాయి. తనని ఎందుకు వినడం మానేశారని వీరాస్వామి వచ్చి అడిగాడు. అలాంటిదేం లేదని భానుమూర్తి చెప్పాడు. "అంటే ఇంకా వింటన్నారా?" అన్నాడాయన ఆశగా. "నేనలా అనలేదండీ," అన్నాడు భానుమూర్తి. ఆయన తృప్తిగా వెళ్లాడు.

పోలీస్ స్టేషన్ నుంచి మిక్సీలు గుర్తుపట్టి తీసుకెళ్లమని కబురొచ్చింది. భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. వరండాలో బెంచీల మీద అరవై మూడు మిక్సీలు బారుగా పెట్టి ఉన్నాయి. సగానికి సగం అదే కంపెనీ, అదే తెల్లరంగు.

"రసీదుందామ్మా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"లేదండీ."

"మరి మీదేదో ఎట్లా తెలుస్తాదమ్మా?"

"ఒక్కొక్కటీ తిప్పండి," అంది హైమ.

అతను ప్లగ్గు పెట్టి మొదటిది తిప్పాడు. ఆవిడ కళ్లు మూసుకుని నిలబడింది. కాదని తలూపింది. రెండోది తిప్పాడు. మూడోది. స్టేషన్‌లో ఫిర్యాదు రాయించుకుంటున్నవాళ్లు కూడా ఆపి చూస్తున్నారు. ఒకటి గరగరమంది, ఒకటి ఈలేసింది, ఒకటి అసలు పలకలేదు. పందొమ్మిదోది మొదలైంది. భానుమూర్తికి అన్నీ ఒక్కలాగే వినిపిస్తున్నాయి. హైమ మొహం మాత్రం మారింది. మోటారు ఎక్కడో దగ్గుతున్నట్టు చిన్న తడబాటు, మళ్లీ అందుకోవడం. ఇంకోసారి వినడానికన్నట్టు తల కాస్త పక్కకి వంచింది.

"ఇదే," అంది.